టీవీ సమీక్షలు మొదలుపెడుతున్న మేనకోడలికి

చి. మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

వారపత్రికలో టీవీ కార్యక్రమాల సమీక్ష శీర్షిక నీకు అప్పగించారని చదివి మీ అత్తయ్యా నేనూ ఎంతో సంతోషించాం. పాతికేళ్ల పాటు ఆ పని చేసినవాడినని నన్ను సలహా అడిగావు. కథనం, సంభాషణలు, చిత్రీకరణ గురించి నీకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ప్రేక్షకుడు ఏ కార్యక్రమాన్నీ ఉత్త కళ్లతో చూడడు. అందులో కనిపించే నటుడి గురించి అంతకుముందు తాను చూసిందీ, విన్నదీ, నమ్మిందీ అంతా వెంటబెట్టుకొని వచ్చి కూర్చుంటాడు. సమీక్షకుడూ అలాగే కూర్చుంటాడు, కాకపోతే ఆ సంగతి ఒప్పుకోడు.

నేను మాత్రం పరువు పోగొట్టుకొని ఒప్పుకున్నాను. శీర్షిక చేపట్టిన రెండో ఏట, మా కాలేజీ రోజుల్లో మేమంతా ఆరాధించిన ఒక కథానాయిక చాలాకాలం తరువాత ఒక ధారావాహికలో తల్లి వేషం వేసింది. ఆమె మౌనంలోనే ఎంత ఆవేదన పలికిందో వర్ణిస్తూ నేను పేజీ నిండా రాశాను. వారం తిరక్కుండా తెనాలి నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, మీరు మెచ్చుకున్న ఆ మౌనంలో ఆవిడ ప్రాంప్టింగ్ కోసం పక్కకు చూస్తున్నారు. తమరు చూసినది సీరియలా, ఆవిడ పాత సినిమాలా?" అని అందులో ఉంది. క్యాసెట్టు వేసి చూస్తే ఆయన చెప్పిందే నిజం: కనుపాపలు ఎడమ పక్కకు వెళ్లి, మాట అందిన తరువాత తిరిగి వచ్చాయి. ఆ కార్డు నా బల్ల అద్దం కింద చాలా ఏళ్లు ఉంది.

అందుచేత నువ్వు టీవీ పెట్టే ముందే ఒక కాగితం తీసుకొని, ఆ నటుడంటే నీకు ఇష్టమా, చిరాకా, ఎందుకు అన్నది నాలుగు ముక్కల్లో రాసుకో. సమీక్ష పూర్తయిన తరువాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువు. కాగితం మీది మాటే సమీక్షలోకి వేషం మార్చుకొని వచ్చి ఉంటే దాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టెయ్.

నటుడి పేరు కార్యక్రమాన్ని ఎంతగా మారుస్తుందో తెలియాలంటే ఒకే మూసలో పోసిన కార్యక్రమాన్ని వేర్వేరు మనుషులు నడిపినప్పుడు చూడాలి. హిందీలో 2000లో అమితాబ్ బచ్చన్ మొదలుపెట్టిన కోటి రూపాయల ప్రశ్నల ఆటను 2007లో షారుఖ్ ఖాన్ నడిపారు, 2010 నుంచి మళ్లీ అమితాబే నడుపుతున్నారు. మన భాషలో 2014లో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' పేరుతో నాగార్జున, 2017లో చిరంజీవి, 2021లో పేరు కొంచెం మార్చి మరో ఛానెల్‌లో జూనియర్ ఎన్టీఆర్ నడిపారు. ప్రశ్న, నాలుగు జవాబులు, లైఫ్‌లైన్లు అన్నీ దాదాపు ఒకటే. అయినా మా ఇంటి హాల్లో అవి మూడు వేర్వేరు కార్యక్రమాలు. నాగార్జున తెర మీదికి రాగానే మా అమ్మ కొంగు సవరించుకొని, కళ్లజోడు తుడుచుకొని కూర్చునేది. ఇంటికి వచ్చిన పెద్దింటి అబ్బాయికి ఇచ్చే మర్యాద అది. చిరంజీవి వచ్చేసరికి అదే హాల్లో ప్రశ్నల మీద ధ్యాస తగ్గి, రాజకీయాల్లోకి వెళ్లి తిరిగి వచ్చిన మనిషి మీదికి మళ్లింది. ఆయన పునరాగమన చిత్రం విడుదలై అప్పటికి సుమారు నెలే అయింది మరి. ఎన్టీఆర్ వచ్చినప్పుడు మా తమ్ముడి పిల్లలు ఆటను చూడలేదు, ఆయన మాట్లాడే తీరు విన్నారు. ఇలాంటప్పుడు "కార్యక్రమం ఆకట్టుకుంది" అని రాస్తే పాఠకుడికి ఏమీ చెప్పనట్టే. ఆకట్టుకున్నది ఆటా, మనిషా, ఆ మనిషి గతమా అన్నది విడదీసి చెప్పడానికే నీకు జీతం ఇస్తున్నారు.

దీనికి ఎదురు దారి కూడా ఉంది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో 'రామాయణ్' మొదలైనప్పుడు మన ఇళ్లలో రాముడి ముఖం ఖాళీగా లేదు. ఆ ముఖం రామారావు గారిది, ఆయన అప్పుడు మన ముఖ్యమంత్రి. మా నాన్న నాలుగైదు ఆదివారాల పాటు అరుణ్ గోవిల్‌ను "ఆ హిందీ అబ్బాయి" అనే పిలిచారు. ఆ తరువాత ఎప్పుడో ఆ పిలుపు ఆగిపోయింది. అక్కడ నటుడి పేరు ధారావాహికను మోయలేదు, ధారావాహికే నటులకు పేరు తెచ్చిపెట్టింది. సీత వేసిన దీపికా చిఖ్లియా, రావణుడు వేసిన అరవింద్ త్రివేది 1991లో గుజరాత్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సీతమ్మ గెలవడంలో వింత లేదు కాని, రావణుడు కూడా గెలిచాడంటే ప్రేక్షకుడి అభిమానం మంచిచెడ్డల లెక్క కంటే పరిచయం మీదే ఎక్కువ నడుస్తుందని నాకు అనిపిస్తుంది.

రోజువారీ ధారావాహికల్లో ఈ పరిచయం ఇంకా గట్టిది, ఎందుకంటే ఆ నటి ఏళ్ల తరబడి రోజూ సాయంత్రం మనింటికి వస్తుంది. 'కార్తీక దీపం'లో దీపగా నటించిన ప్రేమి విశ్వనాథ్ కేరళ అమ్మాయి. ఆ కథ మలయాళ మాతృకలోనూ ఆమె నటించింది. మన ఇళ్లలో మాత్రం ఆమె వంటలక్కే. ప్రతినాయిక పాత్రధారిణులకు ఇదే శిక్ష అవుతుంది. పాత్ర మీది కోపం మనిషి మీదికి మళ్లుతుంది. నువ్వు ఆ కోపంలో పాలుపంచుకోవద్దు. వాళ్ల సొంత జీవితం గురించి ఎవరో అనుకుంటున్న మాటను, "అట" చేర్చి కూడా, సమీక్షలో రాయవద్దు.

నీ మొదటి వ్యాసం ఆహా ఓటీటీలో వచ్చిన బాలకృష్ణ గారి ముఖాముఖి కార్యక్రమం 'అన్‌స్టాపబుల్' మీద అన్నావు. కష్టమైనదే ఎంచుకున్నావు. ముక్కు మీద కోపం, తొడ కొట్టడం, ఉన్నట్టుండి శ్లోకం అందుకోవడం అని జనం ఆయనకు కట్టిపెట్టిన బొమ్మ ఒకటి ఉంది. ఆ కార్యక్రమంలో ఆయన ఆ బొమ్మను దాచలేదు, తానే దాని మీద జోకులు వేశారు, అందుకే ఆయనంటే పడనివాళ్లు కూడా చూశారని నా అభిప్రాయం. దీన్ని నేను నైపుణ్యంగానే లెక్కిస్తాను. కాని 2022 అక్టోబరులో రెండో సీజన్ మొదటి భాగానికి చంద్రబాబు నాయుడు గారు వచ్చినప్పుడు సంగతి వేరు. ప్రశ్నలు అడిగేవారు ఎమ్మెల్యే, అతిథి ఆయన పార్టీ అధినేత, పైగా స్వయానా బావ. రామారావు గారిని ముఖ్యమంత్రి పదవి నుంచి దించిన 1995 నాటి పరిణామాల ప్రస్తావన కూడా వచ్చింది. మా వీధిలో ఆ భాగాన్ని మెచ్చుకున్నవారూ తిట్టినవారూ పార్టీల వారీగా విడిపోయారు, సంభాషణ ఎలా నడిచిందని ఒక్కరూ మాట్లాడలేదు.

కాబట్టి ఆ భాగంతో మొదలుపెట్టకు. 2021 నవంబరులో మోహన్ బాబు గారు వచ్చిన మొట్టమొదటి భాగం రెండుసార్లు చూడు. మొదటిసారి మామూలుగా చూసి, రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, అతిథి మాట్లాడుతున్నప్పుడు అడిగినవారి ముఖం వింటున్నదా, తన తరువాతి మాట కోసం ఎదురుచూస్తున్నదా అన్నది మాత్రమే గమనించు. ఆ పైన, తెలుగు సినిమాలు ఎరగని మీ పక్కవాటా ఒడియా దంపతులను కూర్చోబెట్టి ఒక పావుగంట చూపించి, వాళ్లు ఎక్కడ నవ్వారో రాసుకో. చిత్తుప్రతి శుక్రవారం లోపు పంపితే ఆదివారానికి దిద్ది పంపిస్తాను.

మీ మావయ్య