నీటి ఒడ్డు బాట మీద ఇన్‌లైన్ స్కేటింగ్

ప్రశ్న: నా వయసు 38. మూడు వారాలుగా ఒక హాలులో, నున్నటి నేల మీద ఇన్‌లైన్ స్కేటింగ్ (ఒకే వరుసలో చక్రాలున్న బూట్లతో సాగడం) నేర్చుకుంటున్నాను. పడిపోకుండా ముందుకు సాగగలుగుతున్నాను గానీ, ఆగాలంటే గోడ పట్టుకోవలసి వస్తోంది. దగ్గరలో సరస్సు ఒడ్డున ఐదు కిలోమీటర్ల చదునైన బాట ఉంది. కొత్తవారికి అది చాలా అనుకూలమని స్నేహితులు అంటున్నారు. ఇప్పుడే వెళ్ళవచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: సరస్సు ఒడ్డున పట్టుకోవడానికి గోడ ఉండదు కనుక, ముందు బ్రేకు సంగతి తేల్చుకోండి. 1760ల్లో లండన్‌లో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే వాద్యపరికరాల నిర్మాత తాను తయారుచేసిన చక్రాల బూట్లు తొడుక్కుని, వయొలిన్ వాయిస్తూ ఒక వేడుకలో ప్రవేశించాడనీ, ఆగడం చేతకాక ఖరీదైన నిలువుటద్దాన్ని ఢీకొట్టాడనీ చెబుతారు. మీ స్కేట్లకు బ్రేకు ఉంది, ఆయన బూట్లకు అదీ లేదు.

సాధారణంగా కుడి మడమ వెనుక ఉండే ఆ రబ్బరు ముక్కను కాలితో బలంగా తొక్కితే పని జరగదు. మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు చాచి, బ్రేకు ఉన్న పాదాన్ని రెండో పాదం కన్నా దాదాపు ఒక బూటు పొడవున ముందుకు జరిపి, ఆ పాదం వేళ్ళను పైకి లేపాలి. అప్పుడు రబ్బరు దానంతట అదే నేలకు తగులుతుంది, ఆ తరువాత కుర్చీలో కూర్చోబోతున్నట్లు నడుమును కిందికి దించుతూ బరువును క్రమంగా దాని మీదకు తేవాలి. అనుకున్న గీత దగ్గర పదిసార్లకు తొమ్మిదిసార్లు ఆగగలిగిన నాడు బాట మీదకు వెళ్ళండి.

అయితే వెళ్ళే ముందు రోజు మామూలు చెప్పులతో ఆ బాటంతా ఒకసారి నడిచి రండి. కొత్తవారి కళ్ళు నీటి మీద ఉంటాయి, చిక్కులన్నీ కాళ్ళ కింద ఉంటాయి. గాలికి కొట్టుకొచ్చిన సన్నటి ఇసుక తారు మీద పలుచగా పరుచుకుంటే దూరం నుంచి కనిపించదు. దాని మీద చక్రం పట్టు తప్పుతుంది, బేరింగులలోకి చేరితే అవి గరగరమంటాయి. ఇసుక దాటేటప్పుడు పక్కకు తన్నవద్దు, ఒక పాదాన్ని కొంచెం ముందుంచి తిన్నగా దొర్లిపోండి. చెక్క వంతెనలు వస్తే పలకలు ఎటు పరిచారో చూడండి. మీరు వెళ్ళే దిశకు అడ్డంగా ఉంటే గడగడమని చప్పుడు తప్ప ఇబ్బంది లేదు గానీ, నిలువుగా ఉంటే వాటి సందుల్లో చక్రాలు ఇరుక్కుంటాయి. తడి చెక్క మరీ జారుడు, అక్కడ స్కేట్లు విప్పి నడవడంలో చిన్నతనమేమీ లేదు.

చదునైన బాట మీద కూడా గాలి ఎత్తుపల్లాలను సృష్టిస్తుంది. బయలుదేరేటప్పుడు ఎదురుగాలి ఉండే వైపు వెళ్ళడం నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు గాలే కొంత పని చేస్తుంది. కాకపోతే వెనుకగాలిలో వేగం తెలియకుండానే పెరుగుతుంది కనుక, బ్రేకు ముందుగానే మొదలుపెట్టాలి.

హెల్మెట్, మోకాలి, మోచేతి ప్యాడ్ల గురించి మీకు ఇప్పటికే చెప్పి ఉంటారు. మణికట్టు రక్షణ పట్టీలను మాత్రం ఎవరు వద్దన్నా వదలకండి. పడబోయేటప్పుడు ఎవరైనా చేతులే ముందు ఆనిస్తారు. చక్రాల మీద 78ఏ, 85ఏ వంటి అంకెలు ఉంటాయి, అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన. గరుకు తారు మీద మెత్తటి చక్రం అదురును తగ్గిస్తుంది.

చివరగా, అలసి ఆగి నీటి అందం చూడాలనిపించే క్షణం ఒకటి వస్తుంది. వాన నీరు పోవడానికి ఇలాంటి బాటలను ఒక పక్కకు కొద్దిగా వాలుగా వేస్తారు, ఆ వాలు సరస్సు వైపే ఉండవచ్చు. బాట వెంట నిలబడినంతసేపూ అది తెలియదు. నీటి వైపు తిరిగిన మరుక్షణం పాదాలు రెండూ పల్లానికి తిరిగి, మెల్లగా దొర్లడం మొదలవుతుంది. అందుకే బాట పక్కన గడ్డిలోకి దిగి నిలబడండి. గడ్డి లేకపోతే ఒక మడమను రెండో పాదం నడిమికి అడ్డంగా ఆనించి నిలబడి, ఎంతసేపైనా చూడండి.