ఫ్యాక్టరీ విషం ఆగి దశాబ్దాలైనా నదిలో చేపలు ఎందుకు తినకూడదంటారు?

విషం అడుగు బురదలో ఉండిపోతుంది కాబట్టి. అమెరికాలోని హడ్సన్ నదిలో 1947 నుంచి 1977 దాకా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కెపాసిటర్ (విద్యుత్ పరికరాల విడిభాగం) ప్లాంట్ల నుంచి పీసీబీలనే విష రసాయనాలు కలిశాయి. ఇవి నీళ్లలో దాదాపు కరగవు; సన్నని ఒండ్రుకు, అందులో కుళ్లిన ఆకుఅలములకు అంటుకుంటాయి. బురదలోని పురుగులు, వాటిని తినే చేపల కొవ్వులో పోగవుతాయి.

అందుకే నీటి శాంపిల్ ఒక్కటే చూసి నది బాగుందనడం పెద్ద తప్పు. గొట్టం దింపి ఒండ్రును నిలువుగా తీసి, పొరలుగా కోసి, ఏ పొరకాపొర పరీక్షించాలి. సేంద్రియ కార్బన్ శాతం, అంటే కుళ్లిన ఆకుఅలముల పాలు ఎంతో కూడా కొలవాలి. ఇసుక మేట దగ్గర తీస్తే పీసీబీల అంకె తక్కువొచ్చి మోసం చేస్తుంది.

1973లో హడ్సన్ మీది ఫోర్ట్ ఎడ్వర్డ్ డ్యామ్ తొలగించాక వెనకున్న బురద చాలావరకు దిగువకు కొట్టుకుపోయింది. 2009-2015 మధ్య సుమారు 21 లక్షల ఘనపు మీటర్ల అడుగు బురద తవ్వితీశారు. తవ్వేటప్పుడు లేచే బురదతో చేపల్లో పీసీబీలు కొంతకాలం పెరగవచ్చు.