మీ బావగారి గానుగ నూనె కంపెనీ వ్యాసం గురించి

వ్యాసం వికీపీడియాలో తీసేశారు, ఐదు పేపర్ లింకులిచ్చినా ఎందుకు ఒప్పుకోలేదు అని అడిగారు కదా. ఆ ఐదూ చదివాను. రెండు కంపెనీ పంపిన ప్రకటనలే, ఒక్క అక్షరం తేడా లేకుండా రెండు పేపర్లలో వచ్చాయి. మూడోది బావగారి ఇంటర్వ్యూ, అంటే ఆయన గురించి ఆయనే చెప్పుకున్నది. నాలుగోది కొత్త బ్రాంచి ప్రారంభోత్సవం, రిబ్బన్ కటింగ్ ఫోటోతో సహా. ఐదోదాంట్లో కంపెనీ పేరు ఒక్క లైన్లో వచ్చిపోయింది, అంతే.

టర్నోవర్ ఎంత, ఎంతమంది పనిచేస్తున్నారు అన్నది అక్కడ లెక్కలోకి రాదండీ. కంపెనీతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగిన చోట, కాస్త వివరంగా రాశారా అనేదే చూస్తారు. అమృతాంజనం చూడండి, 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టారు, ఆ లాభాలతోనే ఆంధ్రపత్రిక నడిచింది, కాబట్టి పత్రికల చరిత్ర రాసేవాళ్లు కూడా దాని గురించి రాయక తప్పలేదు. అలా బయటివాళ్లు రాసిన కథనాలు రెండు మూడున్నా చాలు.

ఇప్పుడైతే మళ్లీ పెట్టకండి, మళ్లీ తీసేస్తారు. ఎప్పుడైనా గట్టి కథనాలు వస్తే ముందు చిత్తుప్రతిగా రాసి, మీ చుట్టరికం సంగతి చర్చా పేజీలో చెప్పేయండి. డబ్బులిస్తే పేజీ పెట్టిస్తామని ఫోన్ చేసేవాళ్లకి మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు.