హైవే మీద బాగుండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతోందా? రేడియేటర్ కంటే ముందు ఫ్యాన్ చూడండి

మీ కారు హైవే మీద ఎనభైలో పోతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు కదలదు, ఊళ్లోకొచ్చి సిగ్నల్ దగ్గర ఆగితే పైకి లేస్తుంది, మెకానిక్ రేడియేటర్ మార్చేయమంటున్నాడు అన్నారు. అప్పుడే మార్చకండి. ముల్లు ఎప్పుడు లేస్తోందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగితే ఆ భారమంతా ఫ్యాన్ మీదే. రేడియేటర్ లోపల పూడిపోయి ఉంటే హైవే మీదో, ఘాట్ ఎక్కేటప్పుడో ముందే బయటపడేది.

విజయవాడ ఎండల్లో నా పాత పెట్రోలు కారూ ఇదే వేషం వేసింది. బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుంటే ముల్లు ఎరుపులోకి, గుంటూరు రోడ్డెక్కితే మళ్లీ మధ్యకి. నేను చేసింది ఇదీ: ఇంజన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఏసీ వేశాను. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. ఏసీ ఆపి ఇంజన్ అలాగే వదిలేస్తే, ముల్లు లేచాక కూడా తిరగలేదు. అంటే ఫ్యూజో, రిలేనో (ఫ్యాన్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్చి), మోటారో పోయినట్టు. ఫ్యూజు బాగానే ఉంది. ఫ్యూజు బాక్సులో హారన్‌కీ ఫ్యాన్‌కీ ఒకే నంబరు రిలే ఉంటే, అటుదిటు ఇటుదటు మార్చి చూడగానే ఫ్యాన్ అందుకుంది. కొత్త రిలేకి, రేడియేటర్‌కి చెప్పిన రేటు మీద జీఎస్టీ అంత కూడా కాలేదు.

మీకు ఏసీతో తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే మోటారు మంచిదే. టెంపరేచర్ సెన్సరు, దాని వైరింగు చూపించండి. రెండు విధాలా తిరుగుతూనే వేడెక్కుతుంటే, ఏసీ కండెన్సర్‌కీ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) రేడియేటర్‌కీ మధ్య టార్చి వేసి చూడండి. అక్కడ దుమ్మూ పురుగులూ పేరుకుని గాలి ఆడదు. చూసేటప్పుడు చేతులు జాగ్రత్త, కొన్ని బండ్లలో ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ అందుకుంటుంది.

రేడియేటర్ మూతని ఎవరూ పట్టించుకోరు. అది సుమారు ఒక బార్ ఒత్తిడి నిలబెడితే మామూలు నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు పోతే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ముందే మరిగి పక్కనున్న కూలెంట్ డబ్బాలోకి పొంగుతుంది. ఇంజన్ వేడి మీద మాత్రం మూత తియ్యకండి, మొహం కాలుతుంది.

కూలెంట్ తరిగిపోతూ, కింద చుక్క కనబడకుండా, డబ్బాలో బుడగలు వస్తుంటే లేదా ఆయిల్ మూత కింద పాలమీగడలా కనిపిస్తే కథ వేరు. అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోవడం కావచ్చు, బండి నడపకుండా చూపించండి.

ఇంకొకటి. “థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన ఎండలకి అక్కర్లేదు” అంటారు మెకానిక్‌లు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు అది. ఒప్పుకోకండి. ఇంజన్ సరైన వేడికి రాక పెట్రోలు తాగుతుంది, అసలు లోపం దాగిపోతుంది. బోరు నీళ్లు పొయ్యడమూ అంతే, లోపల సుద్ద కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే పొయ్యండి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్.

ఈలోగా ట్రాఫిక్‌లో ముల్లు లేస్తే ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఉక్కపోతే గానీ, ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. అయినా దిగకపోతే పక్కకి ఆపి ఇంజన్ ఆఫ్ చెయ్యండి.

ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతోందో లేదో రేపు పొద్దున చూసి చెప్పండి, దాన్నిబట్టి తర్వాత ఏం చూడాలో చెబుతాను.