మండుతున్నాడని రాయకు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

సూర్యుడి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి వాక్యమే కొట్టేశాను, ఏమీ అనుకోకు. 'మండే అగ్నిగోళం' అన్నావు. మంటకు ఆక్సిజన్ కావాలి. సూర్యుడిలో జరిగేది మంట కాదు, సంలీనం, అంటే పరమాణు కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం. బొగ్గులా మండి ఉంటే కొన్ని వేల ఏళ్లకే ఆరిపోయేవాడు. 460 కోట్ల ఏళ్లుగా వెలుగుతున్నాడు. పద్యంలో మండనివ్వు, వ్యాసంలో వద్దు.

'నాలుగు హైడ్రోజన్లు కలిస్తే హీలియం' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాలుగూ ఒకేసారి గుద్దుకోవు. ముందు రెండు ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, కలవాలి, కలిసే ఆ క్షణంలోనే ఒకటి న్యూట్రాన్‌గా మారాలి. అది ఎంత అరుదంటే, ఒక్కో ప్రోటాన్‌కు ఆ యోగం పట్టడానికి సగటున వందల కోట్ల ఏళ్లు కావాలి. సూర్యుడు ఒక్కసారిగా పేలిపోకుండా ఇంత నిదానంగా ఖర్చవుతున్నది అందుకే. కోటిన్నర డిగ్రీల గర్భంలో సైతం ఘనమీటరుకు పుట్టే శక్తి 300 వాట్ల లోపే, అంటే మూడు సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత. ఇంత వెలుగూ ఆ బృహత్తర పరిమాణం వల్ల వచ్చింది. పాఠకుడు నోరు తెరిచేది ఇక్కడే. ఇక్కడ ఆగి రాయి, ఒక పేరా ఎక్కువైనా పర్లేదు.

సెకనుకు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఖర్చవుతుందంటే ఎవరికీ ఏమీ కనబడదు. అందులో 0.7 శాతం, సుమారు 42 లక్షల టన్నులు, శక్తిగా మారిపోతుంది. మన పోర్టులో ఏడాదికి దాదాపు 8 కోట్ల టన్నుల సరుకు ఎక్కి దిగుతుంది. పోర్టు 19 రోజుల సరుకు ఒక్క సెకనులో వెలుగైపోతోందని రాయి, విశాఖవాడికి కళ్లకు కడుతుంది.

ఆ శక్తి గర్భం నుంచి పైకి రావడానికి వేల ఏళ్లు పడుతుంది. పైనుంచి ఆర్కే బీచ్‌కు చేరడానికి మాత్రం 8 నిమిషాల 20 సెకన్లు. రెండింటినీ కలిపేశావు, విడదీయి.

'వేసవిలో సూర్యుడు దగ్గరకొస్తాడు' అన్నది పూర్తిగా తప్పు. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలో, అరకు చలికి వణికే రోజుల్లో. తేడా కిరణాల వాలుది, పగటి నిడివిది. మే 10 ప్రాంతంలో డాబా మీద ఒక కర్రను తూకపు గుండుతో సరిచూసి నిటారుగా నిలబెట్టు. నీడ మాయమయ్యేది 12 గంటలకు కాదు, 11.53 ప్రాంతంలో. మనం దేశ కాలమాన రేఖకు కాస్త తూర్పున ఉన్నాం కదా, పైగా ఆ రోజుల్లో సూర్యుడు గడియారం కన్నా కొద్ది నిమిషాలు ముందుంటాడు. 12కి వెళితే నీడ అప్పటికే తూర్పుకు జరిగి ఉంటుంది. చూసి రాయి.

కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ వచ్చేది నీటి నుంచి. కార్బన్ డయాక్సైడ్ నుంచి అన్నావు, మార్చు.

చివరి భాగం సముద్రానికి ఇవ్వు. ఎండ ఒక్కటే చాలదని అక్కడ తెలుస్తుంది. వెలుగు పైనీటిలో, పోషకాలు అడుగున. వానాకాలానికి ముందు నైరుతి గాలి తీరం వెంట వీస్తూ పైనీటిని బయటకు నెడితే, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. అప్పుడు వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలాంటి జీవులు, పెరుగుతాయి, వాటిని తిని కవళ్ల చేపలు పెరుగుతాయి. ఫిషింగ్ హార్బర్‌లో గంపలకెత్తే చేప దాకా ఈ గొలుసు ఎక్కడా తెగకుండా రాసి, మళ్లీ పంపు.