పెరిగిన ఇంటికి క్రిస్మస్ ప్రయాణం: కొత్తగా రాస్తున్నవారికి ఓ లేఖ

చిరంజీవికి,

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. చిన్నతనం గడిచిన పరదేశపు ఇంటికి, అమ్మానాన్నల దగ్గరికి, ఏళ్ల తర్వాత క్రిస్మస్‌కి వెళ్లడం మంచి వస్తువే. అయితే రెండు పేజీలు ఎయిర్‌పోర్టులోనే కరిగిపోయాయి. మూడో పేజీలో ‘ఇల్లు అలాగే ఉంది, నేనే మారిపోయాను’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి. ఏ ఇల్లూ అలాగే ఉండదు. నీ గది సామాన్ల గది అయి ఉంటుంది, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించి ఉంటారు, మెట్ల మీద తివాచీ తీసేసి ఉంటారు. నువ్వు చూడలేదంతే.

ఈసారి బయల్దేరేముందు ఒక పని చెయ్యి. ఎవర్నీ అడక్కుండా, పాత ఫొటోలు ముట్టుకోకుండా, ఆ ఇంటి ప్లాను గుర్తున్నంతలో గియ్యి. తలుపులు లోపలికి తెరుచుకుంటాయా బయటికా, స్విచ్చులు ఏ చేతివైపు, మెట్లెన్ని, నీ మంచం తలాపు ఏ గోడకి, అన్నీ వెయ్యి. వెళ్లాక టేపు పట్టుకుని సరిచూడు. తప్పులు తప్పకుండా వస్తాయి, నీ కథ వాటి దగ్గరే ఉంటుంది. నాన్న గది నీ గదికి ఆనుకునే ఉండి, నువ్వేమో నడవా చివర గీసి ఉంటే, మధ్యలో ఆ దూరం ఎవరు పెట్టారు? ఒక కిటికీ పూర్తిగా మర్చిపోతే, దానికెదురుగా ఎవరు కూర్చునేవాళ్లు? ఈ ప్రశ్నల్లో ఒక్కటి నిలబడినా వ్యాసానికి వెన్నెముక దొరికినట్టే.

‘ఇల్లు చిన్నదైపోయింది’ అని అందరూ రాస్తారు. ఎందుకు అలా అనిపిస్తుందో లెక్కగట్టి చూడు. ఆరేళ్ల పిల్ల సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, కళ్లు 105 దగ్గర. ఆ పిల్ల 18 సెంటీమీటర్ల మెట్టెక్కడమంటే, 170 సెంటీమీటర్ల మనిషి దాదాపు 27 సెంటీమీటర్ల మెట్టెక్కినట్టు. కాబట్టి ఎవరూ లేనప్పుడు మోకాళ్ల మీద నిలబడి గదులన్నీ ఒకసారి చూసిరా. తలుపు పిడి ముఖానికి ఎదురొస్తుంది, అల్మారా అరల కింది చెక్క కనబడుతుంది. అప్పుడు రాసేది పెద్దవాళ్ల నిట్టూర్పులా ఉండదు.

రెండేళ్ల వయసులో క్రిస్మస్ చెట్టు పక్కన నిలబడిన దృశ్యం కూడా రాశావు. మూడేళ్ల లోపు సంగతులు చాలామందికి గుర్తుండవు. అది ఆల్బమ్‌లోంచి వచ్చిందే అయ్యుంటుంది. వాడుకో, తప్పులేదు, కానీ ‘ఫొటోలో’ అని చెప్పి వాడుకో.

ఇంటి వాసన గురించి తర్వాత రాద్దామనుకోకు. గడప దాటిన కొద్ది నిమిషాల్లో ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత ఎంత పీల్చినా రాదు. బూట్లు విప్పేలోపే ఫోన్‌లో రెండు ముక్కలు రాసి పెట్టుకో.

జెట్ లాగ్ తిరగేసి రాశావు. పడమటికి ప్రయాణిస్తే తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, తూర్పుకి వెళ్తే రాత్రి నిద్ర పట్టదు. శరీరం రోజుకి సుమారు ఒక గంట తేడా చొప్పున సర్దుకుంటుంది, తూర్పు ప్రయాణమే ఎక్కువ కష్టం. నీ వ్యాసంలో మనిషి పడమటికి ఆరు గంటల తేడా ఉన్న చోట దిగి మర్నాడే ఎనిమిదింటిదాకా హాయిగా పడుకుంటే, విమానమెక్కిన పాఠకుడు నమ్మడు. పైగా ఈ నిద్రలేమి నీకు కలిసొచ్చేదే. ఇల్లంతా పడుకున్నప్పుడు నువ్వొక్కడివే మేలుకుని ఉండే అవకాశం మళ్లీ రాదు. హీటరు గొట్టాలు ఎప్పుడు టకటకమంటాయి, అమ్మ రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తోంది, వంటగదిలో లైటు వేసి ఎంతసేపు కూర్చుంటోంది, ఇవన్నీ ఆ మొదటి రాత్రుల్లోనే తెలుస్తాయి. పగలు అడిగితే ‘బాగానే నిద్రపడుతోంది’ అంటుంది.

వెలుతురు విషయంలోనూ జాగ్రత్త. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర డిసెంబరు 21న పగలు సుమారు 8 గంటలే, 60 డిగ్రీల దగ్గర 6 గంటలకి కాస్త తక్కువ. ‘సాయంత్రం ఐదింటి ఎండ’ అక్కడ కుదరదు. దక్షిణార్ధగోళమైతే నడివేసవి. ఇక పండుగ గడియారం: కొన్ని ఇళ్లలో 24 సాయంత్రమే అసలు సందడి, కొన్నిట్లో 25 ఉదయం. పాత జూలియన్ పంచాంగం పాటించే ఆర్థొడాక్స్ (తూర్పు సంప్రదాయపు క్రైస్తవ) కుటుంబమైతే 13 రోజుల తేడాతో జనవరి 7. ఏ పూట ముఖ్యమో తేల్చుకుని కథని దానికి ఒక రోజు ముందు మొదలుపెట్టు. ఎయిర్‌పోర్టు దానంతటదే ఊడిపోతుంది.

చెట్టు దగ్గర కాసేపు ఆగు. నరికిన చెట్టుని స్టాండ్‌లో పెట్టేముందు మొదలు రెండు మూడు సెంటీమీటర్లు కొత్తగా కోస్తారు. కోయకపోతే పాత కోతని బంక మూసేసి నీళ్లు ఎక్కవు. స్ప్రూస్ జాతి చెట్టు అయితే వెచ్చటి గదిలో తొందరగా సూదుల్లాంటి ఆకులు రాలుస్తుంది, ఫర్ జాతిది ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజూ ఎవరో ఒకరు కొమ్మల కిందికి దూరి నీళ్లు పొయ్యాలి. ఒకప్పుడు ఆ పని పిల్లలది. ఇప్పుడు వంగలేని ఇద్దరే ఉన్న ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారు? చెట్టు పొట్టిదై బల్ల మీదికి ఎక్కిందా, ప్లాస్టిక్‌ది వచ్చిందా? ‘అమ్మానాన్నలు ముసలివాళ్లయ్యారు’ అని ఒక్క ముక్క రాయక్కర్లేకుండానే పాఠకుడికి అర్థమవుతుంది. అలంకరణల పెట్టె విప్పేటప్పుడు గాజుబంతులకి చుట్టిన పాత పేపరు పారెయ్యకు. దాని మీద తేదీ ఉంటుంది. ఆ బంతిని చివరిసారి ఎవరు చుట్టారో, ఆ ఏడు ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అక్కణ్నుంచి లెక్క తియ్యొచ్చు. పాతకాలం బల్బుల తీగ ఉంటే ఇంకా మంచిది. కరెంటు ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి వెళ్లేలా సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒక్కటి వదులైనా వరసంతా ఆరిపోతుంది. ఆ ఒక్క బల్బు కోసం నాన్న, నువ్వు పక్కపక్కన కూర్చుని వెతికే అరగంటలో, మామూలుగా మాట్లాడుకోని సంగతులు వాటంతటవే బయటికొస్తాయి.

భోజనాల బల్ల చుట్టూ పన్నెండుమందిని కూర్చోబెట్టి అందరిచేతా మాట్లాడించావు. ఎవరు ఎవరో నాకే తెలియలేదు. ముగ్గురికి మాటలివ్వు, మిగతావాళ్లకి గిన్నె అందించడమో కుర్చీ జరపడమో చాలు. చనిపోయిన తాతయ్య ఖాళీ కుర్చీ తీసెయ్యి, మరీ అరిగిపోయింది. నిజం ఇళ్లలో ఆ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఎవరు కూర్చున్నారు, అక్కడ కూర్చోమంటే ఎవరు వద్దన్నారు, అది రాయి.

ఇంకొక్కటి. చిత్తుప్రతి పండుగ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికీ చూపించకు. చూపిస్తే మర్నాటినుంచి అందరూ నీ కాగితం కోసం మాట్లాడతారు. అచ్చుకి పంపేముందు మాత్రం తప్పకుండా చదవనివ్వు. పేరు మార్చినంత మాత్రాన అమ్మ అమ్మ కాకుండా పోదు. ఒంట్లో జబ్బు, అప్పు, ఆస్తి గొడవ, ఈ మూడిట్లో ఏది రాసినా ఆ మనిషి ఒప్పుకుంటేనే ఉంచు. మిగతావాటికి ‘అలా జరగలేదు’ అంటే వెంటనే దిద్దకు. వాళ్ల మాట పక్కనే రాసిపెట్టు, చాలాసార్లు నీ పేరా కంటే అదే బాగుంటుంది.

తిరుగు ప్రయాణం, ఆ వీడ్కోలు కన్నీళ్లు కూడా తీసెయ్యి. 27 మధ్యాహ్నం దగ్గర ఆపి, 2,000 పదాల్లో తిరగరాసి పంపు. ప్లాను కాగితం కూడా జత చెయ్యి, కొట్టివేతలతో సహా.

ఆశీస్సులతో.