పైరేట్ ఓడలు కట్టే పెద్దలకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలు చేసే లెగో కంపెనీ సముద్రపు దొంగల (పైరేట్) సెట్లు మొదలుపెట్టింది 1989లో. అప్పుడు వాటితో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు నలభై దాటిన పెద్దలు. అటక మీది డబ్బా దించి మళ్ళీ ఓడలు కడుతున్నారు. ఈసారి చెన్నై పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: నా చిన్నప్పటి ఎల్డొరాడో కోట సెట్ ముప్పై ఏళ్ళు అటక మీదే ఉండిపోయింది. తెల్ల గోడలు పసుపెక్కాయి. బ్యూటీ పార్లర్లో వాడే హైడ్రోజన్ పెరాక్సైడులో నానబెడితే తెల్లబడతాయని ఒకరు చెప్పారు. నమ్మొచ్చా?
– పెరంబూరు పాఠకుడు

జవాబు: నమ్మొచ్చు. కానీ పెరాక్సైడు జోలికి వెళ్ళేముందు ఒకసారి శుభ్రంగా కడిగి చూడండి. వంటింటి జిడ్డు, దుమ్ము కలిసి పట్టిన పొర కూడా పసుపుగానే కనిపిస్తుంది, చాలాసార్లు దోషం దానిదే. గోరువెచ్చని నీళ్ళు (40 డిగ్రీలు దాటకూడదు), గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం, మెత్తని టూత్ బ్రష్ చాలు. వాషింగ్ మెషీన్, హెయిర్ డ్రయ్యర్ వద్దు. స్ప్రింగు ఉన్న ఫిరంగులు, అయస్కాంతాలు, స్టిక్కర్లున్న ముక్కలు, తెరచాపలు, దారాలు ముందే పక్కకు తీసేయండి. ఫిరంగిలో నీళ్ళు నిలిచాయంటే లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది.

ఆరాక ఒక గోడ పలకను తిప్పి చూడండి. ఇంకో ఇటుక కప్పి ఉంచిన చోట బొడిపెల (ఇటుకలను పట్టి ఉంచే గుండ్రటి మొటిమల) చుట్టూ తెల్లటి గుర్తులు కనిపిస్తాయి. అదే అసలు రంగు. బయటి పసుపుకీ దానికీ తేడా స్పష్టంగా ఉంటే అది మురికి కాదు, వెలుతురూ వేడీ తగిలి ప్లాస్టిక్కే మారింది. అప్పుడే పెరాక్సైడు.

పార్లర్ సామాన్ల దుకాణంలో జుట్టు రంగులో కలిపే '20 వాల్యూమ్' డెవలపర్ అడగండి, అందులో పెరాక్సైడు 6 శాతం. క్రీము కాకుండా నీళ్ళలా ఉండేది తీసుకోండి. క్రీము ఆరిన చోటల్లా చారలు పడతాయి, ఆ చారలు మళ్ళీ పోవు. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో ముక్కలు మునిగేలా పోసి ఎండలో పెట్టండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలే పని వేగంగా చేయిస్తాయి, నీడలో పెడితే చాలా నెమ్మదిస్తుంది. మూత ఊరికే ఆనించండి. బిగిస్తే లోపల పుట్టే ఆక్సిజన్ డబ్బాను ఉబ్బిస్తుంది.

ఇక్కడ చెన్నై వాళ్ళు చేసే తప్పు ఒకటుంది: మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద పెట్టి నిద్రపోవడం. నీళ్ళు కాగి పలుచని పలకలు వంకరపోతాయి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్ళీ సాయంత్రం కాసేపు పెట్టండి. లేదంటే ఆ డబ్బాను చన్నీళ్ళ టబ్బులో దింపి ఉంచండి. ఇంకో చిక్కు: బుడగలు అంటుకుని ముక్కలు పైకి తేలతాయి. నీటిమట్టం దగ్గర గీత గీసినట్టు రెండు రంగులు వస్తాయి. పైన ఒక గాజు సాసర్ బోర్లించి, గంటకోసారి తిప్పుతూ ఉండండి. మామూలుగా ఒకటి రెండు రోజులు పడుతుంది. తెల్లబడ్డాక ఇంకా ఉంచితే పైన సున్నం పూసినట్టు మచ్చలొస్తాయి.

రంగుల ప్రింటు ఉన్నవి ఏవీ ఇందులో వేయొద్దు. ముఖ్యంగా బొమ్మల తలలు. లెగోలో మామూలు చిరునవ్వు దాటి గడ్డాలు, మీసాలు, కంటిపట్టీలు వచ్చింది ఈ 1989 సెట్లతోనే. ఆ ముఖాలు చెడితే కోట విలువే పోతుంది. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. బ్లీచింగుతోగానీ వెనిగర్‌తోగానీ కలపొద్దు. ఒక్క సంగతి ముందే తెలుసుకోండి: ఈ తెలుపు శాశ్వతం కాదు. పడమటి కిటికీ పక్కన పెడితే కొన్నేళ్ళకు పసుపు తిరిగొస్తుంది.

ప్రశ్న: మా ఓడకు బూడిద రంగు ముక్కలు ఓ నలభై తక్కువయ్యాయి. ఆన్‌లైన్లో తెప్పించి పెడితే అతుకు వేసినట్టు కనిపిస్తున్నాయి. మోసపోయామా?
– వేలచేరి పాఠకురాలు

జవాబు: మోసం కాదండీ. 2004 ప్రాంతంలో లెగో తన బూడిద రంగులు రెండింటినీ, గోధుమ రంగునూ మార్చేసింది. పాత బూడిద కాస్త పసుపు వైపు, కొత్తది నీలం వైపు ఉంటుంది. విడిగా చూస్తే తెలియదు, పక్కపక్కన పెడితే దాగదు. విడి ముక్కలు దొరికే బ్రిక్‌లింక్‌లో కొత్త బూడిదకు 'బ్లూయిష్ గ్రే' అని వేరే పేరే ఉంది. పాత ఓడకు ఆ 'బ్లూయిష్' మాట లేని 'లైట్ గ్రే', 'డార్క్ గ్రే' వెతకండి. గోధుమలో పాతది ఉత్త 'బ్రౌన్', కొత్తది 'రెడ్డిష్ బ్రౌన్'.

వచ్చిన నలభై ముక్కలూ పారేయక్కర్లేదు. డెక్కు కింద కనపడని చోట అవి వాడి, అక్కడి పాత ముక్కలు బయటికి తెండి. చాలామందికి మళ్ళీ కొనే పనే ఉండదు.

ఇంకా కావాలంటే సెట్ నంబరుతో ముక్కల జాబితా తీసి, మీ దగ్గర ఉన్నవి కొట్టేసి, మిగిలినవన్నీ ఒకే అమ్మకందారు దగ్గర దొరికేలా చూసుకోండి. నలుగురి దగ్గర కొంటే నాలుగు పోస్టేజీలు. విదేశం నుంచైతే సుంకం కూడా లెక్కేయండి. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. ఓడ అడుగు భాగాల్లాంటి పెద్ద ముక్కలకు బరువు ఖర్చు తోడవుతుంది కాబట్టి డబ్బు కట్టేముందు బొడిపెల దగ్గర పగుళ్ళు, పంటి గాట్లు కనిపించేలా ఫోటో అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, మంచి అమ్మకందారులు పంపిస్తారు.

ప్రశ్న: గోధుమ రంగు ముక్కలు మాత్రమే విడదీసేటప్పుడు పుటుక్కున విరిగిపోతున్నాయి. ఎందుకని?
– తాంబరం పాఠకుడు

జవాబు: 'రెడ్డిష్ బ్రౌన్', ముదురు ఎరుపు రంగుల్లో కొన్నేళ్ళపాటు వచ్చిన ముక్కలకు ఈ పెళుసుతనం ఉంది. తప్పు మీ చేతిది కాదు. పళ్ళతో, గోళ్ళతో లాగకుండా ఇటుకలు విడదీసే పనిముట్టుతో ఒక చివర నుంచి లేపండి. క్లిప్పులున్న వాటిని వీలైతే అసలు కదపొద్దు.

ప్రశ్న: బ్లాక్ సీస్ బారకూడా ఓడ ఎర్రచారల తెరచాప చిరిగిపోయింది. అసలుది చాలా ఖరీదు చెబుతున్నారు. ఇంట్లో చేసుకుంటే నప్పుతుందా?
– మాధవరం పాఠకురాలు

జవాబు: బాగా నప్పుతుంది. తొందరపడకపోతే రెండడుగుల దూరంలో ఎవరూ పట్టలేరు. చిరిగినదాన్ని పారేయకండి, కొలత అదే. చన్నీళ్ళలో సబ్బు నురగతో ముంచి తీసి, పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరనిచ్చి, ట్రేసింగ్ కాగితం మీద గీసుకోండి.

జార్జిటౌన్ గోడౌన్ వీధిలో సన్న నేత తెల్ల పాప్లిన్ అర మీటరు చాలు. ఉతికి, ఇస్త్రీ చేశాక తెల్ల జిగురు ఒక పాలు, నీళ్ళు మూడు పాళ్ళు కలిపి గుడ్డంతా తడిపి ఆరేయండి. గట్టిపడ్డాకే కత్తిరించాలి. ముందు కత్తిరించి తర్వాత జిగురు పూస్తే అంచుల్లో పోగులు అప్పటికే లేచి ఉంటాయి. గంజి పెడదామని తోస్తుంది, పెట్టొద్దు. గంజికి బొద్దింకలు, వెండిపురుగులు వస్తాయి. పెట్టెలో ఆరు నెలలుంచితే అంచులు కొరికేస్తాయి. గుడ్డ నేత నిలువుగా ఉండేలా చూసుకోండి. ఏటవాలుగా కత్తిరిస్తే తెరచాప ఒక మూలకు సాగుతుంది.

చారలకు ఫాబ్రిక్ పెయింటు నీళ్ళు కలపకుండా, టేపు అతికించి వేయండి. పలుచన చేస్తే టేపు కిందికి పాకుతుంది. తర్వాత చిల్లులు. అసలు కిటుకు ఇక్కడుంది. లెగో బొడిపె వ్యాసం 4.8 మిల్లీమీటర్లు, బొడిపె నుంచి బొడిపెకు నడుమ దూరం సరిగ్గా 8 మిల్లీమీటర్లు. కాబట్టి 5 మిల్లీమీటర్ల తోలు పంచ్ వాడి, చిల్లుల నడిమి దూరాలన్నీ ఎనిమిదో ఎక్కంలో ఉండేలా పెట్టండి. కత్తెరతో పొడిస్తే చిల్లు చుట్టూ చీలిక పుట్టి ఏడాదిలో చిరుగుతుంది. చివరగా కొంచెం తడిపి ఒక పెద్ద వాటర్ బాటిల్‌కి చుట్టి ఆరనిస్తే గాలి నిండినట్టు పొట్ట వస్తుంది.

తాళ్ళకు నూలు దారం వద్దు. ఈ ఊరి గాలిలో తేమకు బిగుసుకుని తెరచాప కొయ్యలను లోపలికి వంచేస్తుంది. పాలిస్టర్ దారం కొద్దిగా వదులుగా కట్టండి.

ప్రశ్న: సొంత డిజైనుతో 64 బొడిపెల పొడవు ఓడ కడుతున్నాను. నడుమ కుంగుతోంది. ఎత్తబోతే రెండు ముక్కలైంది. పక్కన మన తీరం పడవ ఒకటి పెట్టాలని కూడా ఉంది.
– అన్నా నగర్ పాఠకుడు

జవాబు: 64 బొడిపెలంటే 51 సెంటీమీటర్లు దాటింది. ఆ పొడవులో ప్లేట్ల (పలుచని పలక ముక్కల) మీదే నమ్మకం పెట్టుకుంటే కుంగక తప్పదు. విరిగిన చోటు చూడండి: రెండు మూడు వరసల అతుకులు ఒకే గీత మీద ఉండి ఉంటాయి. ప్రతి అతుకునీ పై వరసలో కనీసం నాలుగు బొడిపెలు అటూ ఇటూ దాటే ప్లేటు కప్పాలి. ఇంతకంటే ముఖ్యం వెన్నెముక. చిల్లులున్న టెక్నిక్ ఇటుకలు, 16 బొడిపెల పొడవువి, రెండు వరసలు పక్కపక్కన పరచండి. రెండో వరస సగం ఇటుక జరిపి మొదలుపెట్టండి, పిన్నులతో రెండూ కలిపి, పైనా కిందా ప్లేట్లతో బిగించండి. దాని మీద ఎనిమిది బొడిపెలకొక అడ్డగోడ నిలబెడితే డెక్కు బరువు వెన్నెముకకు దిగుతుంది.

పక్క చెక్కలు అడ్డంగా తిప్పి కట్టాలనుకుంటే లెక్క ఇదీ: ఐదు ప్లేట్ల మందం రెండు బొడిపెల వెడల్పుకు సమానం, రెండూ 16 మిల్లీమీటర్లే. ఈ లెక్క తప్పితే ముక్క పడుతుంది కానీ బలవంతాన పడుతుంది, వారం తర్వాత ఎక్కడో పగులుతుంది. తెరచాప కొయ్యను డెక్కు మీద ఆపకండి. నడుమ చిల్లున్న 2×2 గుండ్రటి ఇటుకల్లోంచి ఇరుసు దూర్చి డెక్కు దాటించి వెన్నెముక దాకా దించండి. ఎత్తేటప్పుడు అంచులు పట్టుకోకుండా అడుగున రెండు అరచేతులూ పెట్టాలి.

తీరం పడవకు మసూలా పడవను మించింది లేదు. మద్రాసుకు రేవు కట్టకముందు పెద్ద ఓడలు దూరాన లంగరేస్తే, అలలు దాటి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చింది ఇదే. పలకలను మేకులు లేకుండా కొబ్బరి పీచుతో కుట్టేవారు, అందుకే కెరటం కొట్టినా పగలక వంగేది. ఆ వంపు ఇటుకల్లోనూ తేవచ్చు: 1×2 ఇటుక, 1×1 గుండ్రటి ఇటుక ఒకదాని తర్వాత ఒకటిగా, పై వరసలో జరిపి పేర్చితే ఆ గోడ చేత్తో వంచితే వంగుతుంది. ఇసుక రంగు ముక్కలు తీసుకుని ముందు 20 సెంటీమీటర్ల గోడ కట్టి చూడండి, ఎంత వంగుతుందో చేతికి తెలుస్తుంది. చిన్నదిగా కడితే ఏమీ వంగదు.

ప్రశ్న: చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఏ సెట్ నయం?
– తిరువాన్మియూర్ పాఠకురాలు

జవాబు: ఈ విరామాన్ని అభిమానులు 'చీకటి కాలం' అంటారు. చేయి తిరగడానికి 1264 ముక్కల త్రీ ఇన్ వన్ పైరేట్ షిప్ మంచిది. ఓడ, సత్రం, పుర్రె దీవి మూడూ కట్టొచ్చు. పాత జ్ఞాపకమే కావాలంటే 2020 నాటి బారకూడా బే (2545 ముక్కలు) లేదా 2023 నాటి ఎల్డొరాడో కోట (2509 ముక్కలు) వెతకండి. బారకూడా బే మీదే మా మొగ్గు: ఒడ్డుకు కొట్టుకొచ్చి విరిగిన ఓడను విడదీసి మళ్ళీ నిండు ఓడగా కట్టొచ్చు.

ప్రశ్న: మేం ఐదుగురం స్నేహితులం అపార్ట్‌మెంట్ హాల్లో ఓడలన్నీ కలిపి ప్రదర్శన పెడుతున్నాం. ముందుగా ఏం మాట్లాడుకోవాలి?
– నంగనల్లూరు పాఠకుడు

జవాబు: సముద్ర మట్టం. ఒకరు నీళ్ళను ఒక ప్లేటు ఎత్తున, ఇంకొకరు ఒక ఇటుక ఎత్తున కడితే బల్ల మీద మెట్లు కనిపిస్తాయి. బేస్‌ప్లేటు (అడుగున పరిచే పెద్ద పలక) కొలత కూడా అందరిదీ ఒకటే కావాలి: 32×32 బొడిపెలది 25.6 సెంటీమీటర్లు, 48×48ది 38.4. రెండూ కలిపితే అంచులు కుదరవు. నీలం రంగు ఎవరు ఏది వాడుతున్నారో ఒక్కో ముక్క తెచ్చి పక్కన పెట్టి చూడండి, ఫోనులో పంపిన ఫోటో రంగు నమ్మొద్దు.

ఆటోలో తెచ్చేటప్పుడు తెరచాప కొయ్యలు ఊడదీసి వేరే డబ్బాలో పెట్టండి. ఓడ చుట్టూ బబుల్ ర్యాప్ బిగించి చుడితే ఫిరంగులు, దీపాలు నొక్కుకుపోయి విరుగుతాయి. ఓడ కంటే నాలుగు వేళ్ళు వెడల్పున్న అట్టపెట్టెలో అడుగున ఫోము పరిచి, ఓడ అడుగు భాగానికి మాత్రం రెండు వైపులా ఫోము ముక్కలు దూర్చండి. పై భాగం దేనికీ తగలకుండా గాలిలో ఉండాలి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పెట్టె సీటు మీద కాకుండా ఒళ్ళో ఉండనివ్వండి.